కంటికీ గొట్టానికీ మధ్య

"మళ్ళీ ఎందుకయ్యా దాన్ని విప్పుతున్నావు?" అంది ఆర్లిస్. చేతిలోని పిండిని గట్టిగా పిసికింది.

ఆమె మొగుడు వెండెల్ తలెత్తలేదు. వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాని మీద తుపాకీని పడుకోబెట్టాడు. తూటాల డబ్బా ఊడదీశాడు. వెనక పిన్ను నొక్కగానే తుపాకీ నడుం దగ్గర తెరుచుకుంది.

"స్కోపు ఎత్తు కొలవాలి."

"నిన్న కొలిచావు. మొన్నా కొలిచావు."

"నిన్న కొలిస్తే ఇవాళ కొలవకూడదని మోంటానాలో కొత్త చట్టమేమైనా తెచ్చారా?"

గురి చూసే ఆ దుర్బిణీ ఎత్తు ఎంతో తుపాకీ మడమ మీద అంటించిన తెల్ల టేపు పైన రాసే ఉంది. అతని చేతిరాతే. రెండున్నర అంగుళాలు. ఆ అంకెను కళ్ళ ముందు పెట్టుకుని కూడా ముసలాడు మళ్ళీ కొలవబోతున్నాడు. మతిమరుపు మరీ ముదిరిందనుకుంది ఆర్లిస్.

పోయిన వారం పొద్దుగూకే వేళ ఆమె గొర్రెల దొడ్డి నుంచి పాలసీసాతో వస్తుంటే, వరండాలోంచి ఇదే తుపాకీ ఆమె మీదికి లేచింది. "ఎవత్తివే నువ్వు? నా ఆర్లిస్ ఎక్కడ?" సేఫ్టీ మీట టిక్కుమనడం కూడా వినిపించింది. ఆమె ఉన్నచోటే నిలబడి, ఏం చెయ్యాలో తోచక, గొర్రెపిల్లల్ని పిలిచే పిలుపు పిలిచింది. ఆ పిలుపు విని తుపాకీ మెల్లగా కిందికి దిగింది. ఆ తర్వాత ఇద్దరూ దాని ఊసెత్తలేదు.

తూటాలు దాచి లాభం లేదు. ఆ ఇంట్లో ఏ సొరుగు లాగినా తూటాలే.

వెండెల్ తుపాకీలోంచి పిడికిలంత బోల్టును బయటికి లాగి, ఆమె పిండి గిన్నె పక్కన పెట్టాడు. అది లేకపోతే తుపాకీ ఉత్త ఇనప గొట్టం.

"నూనె ఓడుతోంది, రొట్టెల పక్కన పెడతావేంటి?"

"అలాగైనా నీ రొట్టెలకు కాస్త రుచి వస్తుందేమోనని."

మరోసారైతే ఆమె గరిటె విసిరేది. ఇప్పుడు కళ్ళు బోల్టు మీదే ఉన్నాయి.

"అయినా ఆ ఎత్తుతో అంత పనేంటి?" అంది, అతన్ని మాటల్లో పెట్టాలని.

"కన్ను స్కోపులోంచి చూస్తుంది. గుండు దాని కింద గొట్టంలోంచి పోతుంది. గొట్టం నడిమధ్యకీ స్కోపు నడిమధ్యకీ ఎంత ఎడముందో తెలియాలి. కొయోటీ నక్క దూరంగా ఉంటే సరే. గొర్రెపిల్ల కోసం పది గజాల దాకా వచ్చిందనుకో, నువ్వు గురి చూసిన చోటికి దాదాపు రెండున్నర అంగుళాలు కింద తగులుతుంది."

ఆ రోజు ఇద్దరి మధ్యా పది గజాలే. ఆర్లిస్ చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి పోయి, అక్కణ్ణుంచి మెల్లగా కిందికి జారింది.

"ఇక్కడ వెలుతురు చాలడం లేదు," అంటూ వెండెల్ స్కోపున్న పై సగాన్ని ఊడదీసి, కొలిచే కాలిపర్ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె వైపు వీపు పెట్టి నిలబడ్డాడు.

ఆర్లిస్ బోల్టు అందుకుంది. జారిపోబోయింది. రెండు చేతులతో ఒడిసిపట్టి, పిండి డబ్బాలో అడుగుదాకా దూర్చి, మూత పెట్టేసింది. మూత ఠంగుమంది.

"ఏమే, ఆ వణుకేంటి?" వెండెల్ ఇటు తిరిగాడు.

"చలి."

అతను భగభగ మండుతున్న పొయ్యి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. వచ్చి కూర్చుని తుపాకీని బిగించసాగాడు.

ఒక్క తూటా తగ్గినా చేతిలో బరువును బట్టే చెప్పగలిగేవాడు. ఇప్పుడు అరచేతుల మీద తుపాకీని ఒకసారి ఎత్తి చూశాడు. మళ్ళీ ఎత్తాడు. ఆగిపోయాడు. ఆర్లిస్ చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. అరుస్తాడు. లేదంటే ఆ రోజులాగే, నువ్వెవరని అడుగుతాడు. అరుపు కన్నా ఆ మాటకే ఆమెకు ఎక్కువ భయం.

వెండెల్ లేచి, తుపాకీని తలుపు మీది కొక్కేలకు తగిలించాడు. తగిలించి, గోడకేసి చూస్తూ అక్కడే నిలబడిపోయాడు.

"కొలతలో వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాడు చివరికి. "ఆ కొలత నేనెప్పుడు మర్చిపోయాను గనక? ఆ సాయంత్రం నుంచి రోజూ ఆ బోల్టును నీ చేతికి అందేలా పెట్టి అటు తిరుగుతున్నాను, దాచెయ్యమని నోరు తెరిచి అడగలేక. ఎక్కడ దాచావో మాత్రం నాకు చెప్పకు ఆర్లిస్, రేపు నేను బతిమాలినా సరే."