నరం పాకుతోంది

డాక్టరమ్మ చిన్న రబ్బరు సుత్తితో పెంచలకృష్ణ కుడిచెయ్యి మీద తట్టుకుంటూ పోతోంది. మోచెయ్యి. దాని కింద. ఇంకా కింద.

పక్కనే నిలబడ్డ భార్య కామాక్షి ఆ సుత్తినే చూస్తోంది.

"జిల్లుమంది," అన్నాడు పెంచలకృష్ణ. మణికట్టుకి జానెడు పైన.

"మంచిది. ఎక్కడ జిల్లుమంటే నరం అక్కడిదాకా వచ్చినట్టు."

ప్రమాదంలో మోచేతి పైన నరాలు తెగినాయి. కుట్టి నెలలు గడిచినాయి. అయినా వేళ్లు ముడుచుకోవు. రొయ్యల గుంటలో మేత చల్లేది కూడా ఎడమచేత్తోనే.

"తెగినచోటి నుంచి నరం కొత్త కొమ్మలు వేస్తుందమ్మా," అంది డాక్టరమ్మ. "కొన్ని ప్రోటీన్లు ఆ కొమ్మల్ని సాగనిస్తాయి, దారి చూపిస్తాయి. కండని చేరితే చెయ్యి వచ్చినట్టే."

అత్త వెంకటశేషమ్మకి ఒక్క మాటే వినబడింది. "ప్రోటీనంటే గుడ్లే గదమ్మా?"

"తింటే మంచిదే. కానీ నేను చెప్పేది ఒంట్లోనే తయారయ్యేవి..."

ఎవరు వింటారు? ఆ పూట నుంచి ఇంట్లో గుడ్లు, కొరమీను, రొయ్యల వేపుడు. కామాక్షి వడ్డిస్తుంటే అత్త పక్కనే కాపలా. "బాగా పెట్టవే. పీనాసితనం చూపించబాక."

"ఇంకో గుడ్డు తింటే నేనే కూస్తానమ్మా," అన్నాడు పెంచలకృష్ణ.

పెంచలకోన గుడికి పోయి మొక్కుకున్నారు. కామాక్షి అందరికంటే ఎక్కువసేపు కళ్లు మూసుకుని నిలబడింది.

"ఏం మొక్కుకున్నావే?" అంది అత్త.

"చెప్పకూడదు గదత్తా."

మధ్యాహ్నం మొగుడు కునుకు తీస్తే కామాక్షి పక్కన చేరేది. ఆ చేతి మీద వేలితో మెల్లిగా తట్టి చూసేది. పోయిన నెల మణికట్టు. ఇప్పుడు అరచెయ్యి. తట్టగానే నిద్రలోనే ఉలిక్కిపడ్డాడు. కామాక్షి గబుక్కున చెయ్యి లాక్కుంది. ఆ పూట అన్నం దిగలేదు.

పక్కింటి రేవతి చూసి జాలిపడింది. "ఎట్టా పీక్కపోయినావో చూడు. వస్తుందిలే చెయ్యి, భయపడబాక."

కామాక్షి తలూపింది.

మళ్లీ ఆస్పత్రి. "వేళ్లు ముడువయ్యా," అంది డాక్టరమ్మ.

పెంచలకృష్ణ మొహమంతా చెమట. ఏమీ లేదు. మళ్లీ బిగించినాడు. చూపుడువేలు కదిలింది. దాని వెనకే మిగతావి. ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి.

పిడికిలి.

వెంకటశేషమ్మ ఏడ్చేసింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. పెంచలకృష్ణ ఆ పిడికిలి ఎత్తి భార్యకి చూపించి నవ్వినాడు. "చూసినావా మే?"

కామాక్షి వీపు గోడకి తగిలింది.

పెళ్లయ్యాక మొగుడి దెబ్బ తినకుండా ఆమె బతికిన ఒకే ఒక్క ఏడాది, ఆ చెయ్యి పడిపోయిన ఏడాది, అయిపోయింది.