ఎడమ పక్క రోడ్డు

"ఇంకా మాయమవుతోంది బావా," అన్నాడు బస్సు డ్రైవరు, రేసు గేములో కారు ఆపి. "ఎడమ పక్క రోడ్డు చెరిపేసినట్టు పోతోంది."

కంప్యూటర్లు బాగుచేసే బావ అప్పటికే ఫ్యాను మార్చాడు, బొమ్మను తెరకు పంపే గ్రాఫిక్స్ కార్డు మార్చాడు. వేడి తగ్గింది, బొమ్మ ఆగకుండా కదులుతోంది. బావకు మాత్రం రోడ్డంతా కనిపిస్తోంది.

తెరను ఫోనుతో ఫొటో తీసి చూపించాడు. "ఇందులో చూడరా."

"చూశావా, ఫొటోలో కూడా పోయింది. కార్డు తేడా అంటే వినవు."

బావ చూస్తే ఫొటోలో రోడ్డు నిండుగా ఉంది. బావ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"బస్సులో ఎలా ఉంటోందిరా?"

"ముందు అద్దం బాగోలేదు. ఎడమ పక్క ఎంత తుడిచినా మసకే. మార్చమని డిపోలో రోజూ గొడవ..."

అక్కడితో ఆగిపోయాడు. ఎదురుగా తెరనీ, ఫోనులో ఫొటోనీ మార్చి మార్చి చూశాడు.

"డిపోలో చెప్పకు బావా," అన్నాడు. "నాకింకో పని రాదు."