ముడి విప్పని ఆకు

ఆ అడవిలో సాక్ష్యమంటే బురదలో కాలు ముంచి టేకాకు మీద అడుగు వెయ్యడమే. వకీలు కొంగ బకయ్య ఆ ఆకుల్ని మడిచి, నారతో ముడేసి దాచేవాడు, పంచాయితీలో చూపించేటప్పుడే విప్పేవాడు. కుందేలు చెంగమ్మ ముళ్లపందితో బొరియ కేసు ఓడిపోయి, పిల్లల్తో పొదల్లో పడుంటోంది పాపం. రేపు ఆ కేసు ఇంకోసారి వింటానన్నారు పంచాయితీ పెద్ద ఏనుగుగారు. అందుకే అప్పుడు తన తరఫున వాదించిన బకయ్య దగ్గరికొచ్చి తన పాత ఆకుల కట్ట అడిగింది.

"కేసయిపోయిందిగా అమ్మా. కట్టింది నేను, కట్ట నాది," అన్నాడు బకయ్య.

"నారా ముడీ మీవే బాబుగారూ, ఎవరు కాదన్నారు? బొరియ మాదేనని పోయేముందు మా అమ్మ వేసిన అడుగు కూడా మీదేనా?"

బకయ్య కట్ట ఆమె ముందుకు జరిపాడు. చెంగమ్మ ఒక్కో ఆకూ తీస్తూ అమ్మ ఆకు దగ్గర ఆగిపోయింది. దాని ముడి విప్పనేలేదు.

"ఇది చూపించలేదా?"

"వానొస్తుందన్న తొందరలో మర్చిపోయానమ్మా. అది బయటపడుతుందనే ఇవ్వనన్నాను."

చెంగమ్మ తిట్టలేదు. "ఆ మాటే రేపు ఏనుగుగారికి చెప్పండి," అని ఆకు పట్టుకుని బయల్దేరింది.

బకయ్య కాసేపు ఒంటికాలి మీద నిలబడి ఆలోచించాడు. తర్వాత రెండో కాలూ దించి, ఆమె వెనకాలే నడిచాడు.