ఉల్లిపాయండీ

“ఇదేంది? చెప్పు!”

ఇనుపరాడ్ పట్టుకున్నవాడు డెమో బల్ల మీది ఉల్లిని తీసి మత్తయి మూతికి ఆనించాడు. ఎల్బీనగర్ ఎగ్జిబిషన్‌లో తెలంగాణ నినాదాలతో చొరబడ్డ గుంపు, ఆంధ్రావాళ్ల స్టాళ్లను ఏరి ఏరి పగలగొడుతోంది.

కూరగాయలు తరిగే మిషన్లమ్మే మత్తయి మెడలో మైకు ఇంకా వేలాడుతూనే ఉంది. నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది.

“ఉల్లిపాయండీ!”

రాడ్ దవడ మీద పడింది. “ఆంధ్రోడే! కొట్టుండ్రి!”

“అన్నా, నాది హయత్‌నగర్! దేవుని తోడు!”

“హయత్‌నగరోడు ఉల్లిపాయండీ అంటడా?”

మత్తయి మిషన్ల మీద కూలాడు. కడుపులో కుమ్మేశారు.

స్టాలు యజమాని సాంబమూర్తి బల్ల వెనక్కి నక్కాడు. ఆయనది తెనాలి. మత్తయికి ఆ మాట నేర్పింది ఆయనే. “రేపు నెట్‌లో ఎన్ని అమ్మకాలొచ్చినా, మొహం చూసి మాట్లాడేవాడిదేనయ్యా వ్యాపారం. ఉల్లిగడ్డ అనకు, మోటుగా ఉంటుంది. ఉల్లిపాయండీ అను” అని, మత్తయి నోట ఉల్లిగడ్డ వచ్చినప్పుడల్లా సరిదిద్దాడు.

నెత్తురంటిన ఆ ఉల్లే ఇప్పుడు ఆయన ముక్కు ముందుకొచ్చింది.

“నువ్ చెప్పు, పెద్దమనిషీ.”

“ఉల్లిగడ్డ” అన్నాడు సాంబమూర్తి, తడుముకోకుండా.

“గీయన మనోడే. ఇడ్సిపెట్టుండ్రి.”

గుంపు పక్క స్టాలు అద్దాల మీద పడింది. సాంబమూర్తి వంగి చెయ్యి అందించాడు. మత్తయి అందుకోలేదు. విరిగిన పన్నును అరచేతిలోకి ఉమ్మి, ఆయన మొహంలోకి చూశాడు.

“గా మాట మీకు గూడ ఒస్తదా, సార్?”