ప్రింటర్‌లో దొరికిన కాగితాలు

"సంతకం పెట్టు చక్రీ. ముహూర్తం ఇంకో పది నిమిషాలే," అంటూ ఫణికుమార్ పసుపు రాసిన పెన్ను అందించాడు.

అమెరికాలో, శాంటా క్లారాలో ఫణి ఇంటి కారు గరాజే వాళ్ళ కొత్త కంపెనీకి ఆఫీసు. ఒప్పందంలో వాటాలు చెరిసగం. చక్రధర్ పెన్ను అందుకున్నాడో లేదో, ఇండియా నుంచి వచ్చిన ఫణి తల్లి గౌరి అడ్డుపడింది.

"విడిపోతే ఎవరికేంటో రాసుకున్నారా?"

"అమ్మా, శుభమా అని స్టార్ట్ చేస్తుంటే ఆ మాటలేంటి?"

"మేం విడిపోవడమేంటి ఆంటీ?" అన్నాడు చక్రధర్, మెడ తుడుచుకుంటూ. సరిగ్గా ఆ సంగతే రాసిన కాగితాన్ని నిన్న ఇక్కడే దొంగచాటుగా ప్రింట్ కొట్టాడు. తీసుకుందామని వచ్చి చూస్తే ప్రింటర్ ట్రే ఖాళీ.

గౌరి పూజ పళ్ళెం కింద నుంచి రెండు కాగితాలు లాగింది.

"మీ ప్రింటర్‌లోనే దొరికాయి. ఒకటి నీది బాబూ. రెండోది మావాడిది."

చక్రధర్ ఫణి కాగితం లాక్కుని చదివాడు. 'నాలుగేళ్ళలోపు చక్రధర్ వెళ్ళిపోతే అతని వాటా కంపెనీకే.' తన కాగితంలోనూ అదే వాక్యం, పేరు మాత్రం ఫణిది. నిన్నటి నుంచీ తనొక్కడే దొంగననుకున్నాడు. తలెత్తితే ఫణి చెవులు ఎర్రగా ఉన్నాయి.

ముందు ఎవరు నవ్వారో తెలియదు.

"ఆ పేర్లు కొట్టేసి 'ఎవరు వెళ్ళినా' అని రాయండి," అంది గౌరి. "ఇంకా నాలుగు నిమిషాలున్నాయి."

చక్రధర్ తన కాగితంలో ఫణి పేరును ఒక్క గీతతో కొట్టేసి, పెన్ను అతనికిచ్చాడు.

ఫణి మాత్రం తన కాగితంలో చక్రధర్ పేరు కనపడనంతగా గీకాకే, తలెత్తి అతని కళ్ళలోకి చూడగలిగాడు.