మెత్తటి తువాల

నాగరాణి మోసగత్తె.

ఇందులో లింగస్వామికి ఏ అనుమానమూ లేదు. ఊళ్లో ఎవరు అడిగినా అదే మాట చెప్పేవాడు.

లింగస్వామి భార్య హనుమమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. ఎడమచేయి మాత్రం కదిలేది.

దవాఖాన నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒకటే చెప్పింది.

"వీపు తోలు చిట్లొద్దు. చిట్లిందంటే మనిషి దక్కదు."

"చిట్లనియ్య," అన్నాడు లింగస్వామి.

పొద్దున గొర్రెలను తోలుకుపోతే అతను వచ్చేది సాయంత్రమే. అందుకని మక్తల్ దిక్కు నుంచి బతకవచ్చిన నాగరాణిని పనికి పెట్టాడు. హనుమమ్మ ఒళ్లు తుడవాలి. కింద పరిచిన తువాలలు తడిస్తే మార్చాలి, ఉతకాలి.

మొదటి రోజే నాగరాణి దండెం మీది తువాలను వేళ్లతో నలిపి చూసింది.

"గిది తువాలనా కాక, తుమ్మబెరడా?"

"బోరు నీళ్లు. గట్లనే ఉంటయి."

"ఆఖరుకు ఒక్కసారి మంచినీళ్లల్ల జాడిస్తే మెత్తగైతయి."

ఇంటింటికీ నల్లా అన్నారు గాని ఆ ఊరికి అప్పటికి పైపులే వచ్చాయి, నీళ్లు రాలేదు. తాగడానికి రోజూ ఆటోలో క్యాన్ రావాలి.

"క్యాన్ నీళ్లతోటి బట్టలా? నలుగురు నవ్వుతరు. ఆ మాట మళ్ల ఎత్తకు."

ఆమె ఎత్తలేదు. కొన్నాళ్లు పోయాక వేరే మాట అడిగింది.

"నా జీతంల కోసుకొని, రోజు ఒక క్యాన్ నాకు ఏపియ్యి కాక. మోకాళ్లు గుంజుతున్నయి. బోరు నీళ్లు తాగలేకపోతున్న."

లింగస్వామి ఒప్పుకున్నాడు. క్యాన్లు వేసే ఆటో జానీకి చెప్పాడు.

ఆ వారమే రామన్నపేటకు పోయి కొత్త సబ్బుపొడి తెచ్చాడు. తువాలలు మెత్తబడ్డాయి. హనుమమ్మ వీపు నునుపుగా ఉంది.

"పొడి మంచిగున్నది," అన్నాడు.

నాగరాణి తల ఊపింది.

"మరి ఎండకు ఏయక నీడకు ఏస్తవేంది? బద్ధకమా?"

"ఎండకేస్తే నీ లెక్క మాడి గట్టిగైతయి కాక. ఏం చిన్నమ్మా, నిజమా కాదా?"

హనుమమ్మ పెదవి ఒక పక్క వంగింది. జబ్బు పడ్డాక ఆమె నవ్వడం లింగస్వామి చూసింది అప్పుడే.

ఎండలు ముదిరాక బీరన్న వచ్చాడు. వరసకు బావమరిది.

"బావా, నిన్న నాగరాణి ఇంట్ల నీళ్లడిగిన. చెంబు నోట్ల పెట్టి ఉమ్మేసిన. బోరు నీళ్లు!"

"ఆమెకు క్యాన్ ఉంటది గదా."

"క్యాన్ లేదు, గీన్ లేదు. కల్లు దుకాణంల అమ్ముకుంటాంది కావచ్చు. ఆమె మోకాళ్లు పట్టుకున్నది, నువ్వు కరిగినవ్."

లింగస్వామి ఆ సాయంత్రమే నిలదీశాడు.

"క్యాన్ అమ్ముతున్నవా?"

"లేదు కాక."

"మరి ఇంటికి కొంచవోతున్నవా?"

ఆమె దండెం మీది తువాల తీసి మడతపెట్టింది.

"మోకాళ్ల నొప్పులని ఏడ్చి నన్ను ఎర్రోన్ని చేసినవ్."

"నా జీతం నీళ్లు గవి. ఏమన్న జేస్కుంట. నీకు ఒక్కటి చెప్పాలె కాక, ఆ తువాలలు..."

"ఇంకొక్క మాట ఎత్తకు. నడువు."

హనుమమ్మ ఎడమచేయి నాగరాణి కొంగు పట్టుకుంది. లింగస్వామి ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశాడు.

మరునాడు గొర్రెలను బీరన్నకు అప్పగించి తానే ఇంట్లో ఉన్నాడు. ఒక మనిషి పోతే పని ఆగుతుందా? తువాలలు బండకేసి బాదాడు. బోరు కింద జాడించాడు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరేశాడు.

తువాలలు బిరుసెక్కాయి.

పొడి రెండింతలు వేశాడు. ఇంకా బిరుసెక్కాయి. అంచుల వెంట తెల్లగా పొర కట్టింది. పొడి కల్తీదని వేరేది తెచ్చాడు. అదీ రెండింతలే వేశాడు.

ఒళ్లు తుడవబోతే హనుమమ్మ మొహం గోడవైపు తిప్పుకునేది.

"జర ఓర్చుకో. నేను లేనా?" అనేవాడు.

వానలు మొదలుకాకముందే వీపు చిట్లింది. వానలు పడేనాటికి హనుమమ్మ లేదు.

దినాలు అయ్యాక జానీ వచ్చాడు.

"ఇంక రోజు క్యాన్ వద్దు. ఒక్కన్నే ఉన్న," అన్నాడు లింగస్వామి.

జానీ ఖాళీ క్యాన్ ఎత్తుకుంటూ పెరట్లోని బట్టల బండవైపు చూశాడు.

"నాగరాణక్క క్యాన్ గూడ గా బండ కాడనే దించేటోన్ని."

"గాడ ఎందుకు? ఆమె ఇంటికాడ గదా దించాలె?"

"ఆమె ఇంటికాడ ఒక్కనాడు దించలే కాక. నువ్వు గొర్లెంట పోయినంక, గా నీళ్లల్ల తువాలలు జాడించేది. తాగే నీళ్లు గదక్కా అన్న ఓసారి. 'మాకు బోరు నీళ్లు అలవాటే తమ్మీ, చిన్నమ్మ వీపుకు అలవాటు లేదు' అన్నది."

జానీ వెళ్లిపోయాడు.

లింగస్వామి దండెం మీది తువాల తీసి మడతపెట్టబోయాడు. అది మడతపడలేదు.

మరునాడు బీరన్న వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, నీ నీళ్ల మోసగత్తె ఇంటికి తాళం పడ్డది. మక్తల్ దిక్కే మర్లిపోయిందట."

"ఆమె మాట నా ముంగట ఎత్తకు."

"ఇంకా కోపం పోలేదా?"

"పోలేదు."

ఎవరి మీదో బీరన్న అడగలేదు. లింగస్వామి చెప్పలేదు. ఇక ఏనాడూ చెప్పడు.