ఆ రాయి మీద

“ఆ రాయి మీంచి లెగు!” పసుపు దుంపలు తవ్వుతున్న సోని గునపంతోనే వచ్చి ఎదుట నిలబడింది.

హేమంత్ లేవలేదు. కొండెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. “ఒక్క నిమిషం కూర్చోనీ అమ్మా. కరోనా కాలంలో మన దేశంలో ఎన్ని పరిశోధనలు జరిగాయో లెక్కగట్టే పని నాది. అన్నింట్లోకీ ఎక్కువ పేరొచ్చింది మీ ఊరి మీద రాసిందే. ఇక్కడ ఒక్కరూ చావలేదని, మీ కషాయమే కాపాడిందని ప్రపంచమంతా చదివింది.”

“ఎవులు సెప్పినారు?”

“మీరే! అప్పుడు ఇంటింటికీ వచ్చి అడిగితే చెప్పారట.”

“జొరమంటే బండెక్కించి పట్నం తీసుకుపోయేవోరు. ఎల్లినోడి శవం కూడా తిరిగి రానేదు. ఎవులూ సావనేదంటే అడగొచ్చినోలు బేగి ఎల్లిపోతారని అలగన్నాం.”

హేమంత్ మొహం కందగడ్డయింది. “అబద్ధం చెప్పారా? దేశం పరువు ఏం కావాలి?”

“మరి నువ్వు సూసుకోనేదేటి?”

“నిజమో కాదో చూడడం నా పని కాదు. నేను లెక్కపెడతానంతే.”

సోని గునపాన్ని నేలలో దిగేసింది.

“మాలో మడిసి పోతే రాయి పాతుతాం. నువ్వు కూకున్నది మా ఫల్గుణ మీద. నా పెనిమిటి.”

హేమంత్ చివాలున లేచాడు. వెనక్కి అడుగేయబోతే కాలికి మరో రాయి తగిలింది. దాని పక్కన ఇంకోటి. గట్టు పొడవునా, నాచు కూడా ఇంకా సరిగా పట్టని కొత్త రాళ్లు.

“లెక్కెట్టు,” అంది సోని.